టిప్పు మాకు సర్టిఫికెట్టు కాదు

టిప్పు సుల్తాన్ 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో పోరాడుతూ నేలకొరిగాడు. శవాల గుట్టలో ఆయన దేహాన్ని వెతికి పట్టుకోవడానికి ఆంగ్లేయులకు ఆ సాయంత్రం చాలాసేపే పట్టింది. ఇవాళ ఆయన్ని తెచ్చి మా ముందు పడేయడానికి మాత్రం ఎవరికీ క్షణం పట్టదు.

"టిప్పు మీవాడే కదా" అన్న మాట మాకు రెండు రకాలుగా వినిపిస్తుంది. ఒకరు మెచ్చుకోలుగా అంటారు, మీలోనూ దేశం కోసం చచ్చినవాళ్లున్నారు సుమా అని. ఇంకొకరు నిలదీస్తూ అంటారు, కొడగులో, మలబారులో ఆయన చేసినదానికి జవాబు చెప్పండి అని. మొదటివాళ్ల మాటలో "లోనూ" అన్న ముక్క ఉంది చూశారా, అది రెండోవాళ్ల మాటకి తోబుట్టువే. ఒకరు మాకు సర్టిఫికెట్టు ఇస్తున్నారు, ఇంకొకరు చార్జిషీటు ఇస్తున్నారు. రెండు కాగితాల మీదా పేరు టిప్పుది, అడ్రసు మాది.

చార్జిషీటు మొదట రాసింది కంపెనీవాళ్లు. కల్నల్ విలియం కిర్క్‌పాట్రిక్ టిప్పు ఉత్తరాల్ని ఇంగ్లీషులోకి మార్చి 1811లో లండన్‌లో అచ్చు వేశాడు. పుస్తకం పేరులోనే ఉంది, "ఎంపిక చేసిన" ఉత్తరాలని. ఎంపిక ఎవరిది? గెలిచినవాడిది. ముందుమాటలోనే టిప్పుని క్రూరుడు, మతమూఢుడు అని తేల్చేశాక ఇక పాఠకుడు తేల్చుకోవడానికి మిగిలిందేమిటి? రాజ్యాన్ని కొల్లగొట్టి, రాజు కొడుకుల్ని వేలూరు కోటలో పెట్టినవాళ్లకు ఆ రాజు రాక్షసుడు కావడం అవసరం. ఆ ఉత్తరాలన్నీ అబద్ధాలని మేం అనడం లేదు. కఠినమైన హుకుంలు టిప్పు ఇచ్చాడు. కాని ఏ కాగితం ఎవరి చేతిమీదుగా మనదాకా వచ్చిందో అడగడం విమర్శలో మొదటి పని.

కిర్క్‌పాట్రిక్ సంచిలో లేని ఉత్తరాలు శృంగేరి మఠంలో ఉన్నాయి. 1791లో మరాఠా దండు వెంట వచ్చిన దోపిడీ మూకలు ఆ మఠాన్ని దోచుకున్నాయి. అప్పుడు శంకరాచార్యులకు ఊరటగా ఉత్తరాలు రాసి, శారదాంబ విగ్రహాన్ని మళ్లీ ప్రతిష్ఠించుకోవడానికి సాయం పంపింది టిప్పు. మైసూరు పురావస్తు శాఖకు చెందిన ఆర్. నరసింహాచార్ ఆ ఉత్తరాల్ని 1916లో వెలికితీసేదాకా లోకానికి తెలియలేదు. అప్పటికి టిప్పు పోయి నూటపదిహేడేళ్లు. చార్జిషీటుకి అంత ముందస్తు దొరికింది.

దానికి జవాబుగా వచ్చిందే సర్టిఫికెట్టు. భగవాన్ గిద్వానీ 1976లో టిప్పు కత్తి పేరుతో ఇంగ్లీషు నవల రాశాడు. సంజయ్ ఖాన్ దాన్ని సీరియల్‌గా తీస్తే 1990లో దూరదర్శన్‌లో వచ్చింది. గొడవ కోర్టుదాకా వెళ్లాక, ఇది కల్పితం అన్న ప్రకటనతోనే ప్రసారమైంది. నవల కల్పితమే, ఆ మాటలో తప్పేమీ లేదు. మా పేచీ వేరు. ఆ టిప్పుకి ఒక్క మచ్చా లేదు. దయ, ధర్మం, ఔదార్యం అన్నీ పోతపోసి నిలబెట్టారు. మైనారిటీ పాత్ర మంచిదనిపించుకోవాలంటే దేవుడంత మంచిదై ఉండాలన్న షరతు అందులో ఉంది. మెజారిటీ రాజులు మామూలు రాజులుగా ఉండొచ్చు. మావాడు మాత్రం ఔలియా కావాలి, లేకపోతే దుర్మార్గుడు.

ఈ రెండింటి మధ్య గిరీష్ కర్నాడ్ నాటకం "టిప్పుసుల్తాన్ కలలు" మాకు నచ్చింది. 1997లో బీబీసీ రేడియో కోసం రాశాడు. టిప్పు తన కలల్ని స్వయంగా రాసిపెట్టుకున్న పుస్తకం దానికి ఆధారం. ఆ పుస్తకం శ్రీరంగపట్నం పడిపోయాక కంపెనీవాళ్ల చేతికి చిక్కి లండన్ చేరింది. నాటకంలో టిప్పు చరిత్ర రాయమని కిర్మానీని తొందరపెట్టే దొర కాలిన్ మెకంజీ. మన కైఫీయతులు సేకరింపజేసిన మెకంజీయే. ఒకప్పుడు టిప్పు ఉప్పు తిన్న కిర్మానీ ఇప్పుడు కంపెనీ ఉప్పు తింటూ టిప్పు కథ చెప్పాలి. చరిత్ర ఎవరి జీతం మీద రాయబడుతుందన్న ప్రశ్నని ఇంత సూటిగా పెట్టిన రచన టిప్పు మీద మేం వేరే చదవలేదు. అయితే ఇది దర్బారు నాటకం. కోట బయటి రైతు, కొండదారిలో నడిపించుకొచ్చిన బందీ అందులో మాట్లాడరు. 2015లో టిప్పు జయంతి సభలో విమానాశ్రయానికి టిప్పు పేరు పెడితే బాగుండేదన్నందుకు కర్నాడ్‌కి చంపుతామన్న బెదిరింపులొచ్చాయి.

మేం చదువుకోవాలనుకునే టిప్పు ఎవరు? ఇంగ్లీషువాడి బలం ఫిరంగిలోనే కాదు, తక్కెడలోనూ ఉందని తెలుసుకున్న రాజు. అందుకే మిరియాలు, గంధపు చెక్కల వ్యాపారం సర్కారు చేతిలో పెట్టాడు. మస్కట్‌లో కొఠీ తెరిచాడు. మైసూరులో పట్టుపురుగుల పెంపకానికి నాటు వేశాడు. పాలెగాళ్లని పక్కకి తోసి అమీల్దార్లతో నేరుగా శిస్తు వసూలు చేయించాడు. ఇస్తాంబుల్‌కీ పారిస్‌కీ రాయబారుల్ని పంపాడు. ఇనప గొట్టాల్లో మందు కూరిన మైసూరు రాకెట్లు 1780లో పొల్లిలూరు దగ్గర కంపెనీ దండుని చెల్లాచెదరు చేశాయి. తర్వాత ఇంగ్లండులో కాంగ్రీవ్ తయారుచేసిన రాకెట్లకు మాతృకలు అవే.

ఆ రాజే కొడవల్నీ, మలబారు నాయర్లనీ, మంగళూరు క్రైస్తవుల్నీ ఊళ్లనుంచి పెకలించి శ్రీరంగపట్నానికి నడిపించాడు. ఎంతోమందిని బలవంతంగా మతం మార్చాడు. తిరుగుబాటు అణచడానికి అని సర్దిచెబితే సరిపోదు. బందీగా నడిచినవాడికి ఆ రాజనీతితో పనేముంది? వాళ్ల మనవలకి ఆ జ్ఞాపకం ఉంచుకునే హక్కుంది. ఆ మాట అంటే టిప్పుకి ద్రోహం చేసినట్టు కాదు. లౌకికవాద మిత్రులు ఇక్కడ గొంతు తగ్గిస్తారు. తగ్గించక్కర్లేదు. దాచిన ప్రతి నిజాన్నీ అవతలివాడు రెట్టింపు చేసి బజార్లో అమ్ముతాడు.

ఇక మతమే అన్నిటికీ తాళంచెవి అనేవాళ్లు మన రాయలసీమ మ్యాపు చూడాలి. 1792లో టిప్పు సగం రాజ్యం, మూడు కోట్ల ముప్ఫై లక్షల రూపాయలు, ఇద్దరు కొడుకుల్ని జామీనుగా ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ పంపకానికి కంపెనీతోపాటు కూర్చున్నది హిందువులైన మరాఠాలు, ముసల్మానైన నైజాం. నైజాంకి కడప దక్కింది. 1799లో మళ్లీ కంపెనీ పక్కన నిలబడితే గుత్తి, గుర్రంకొండ వచ్చాయి. ఏడాది తిరిగేసరికి, 1800లో, ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద అవన్నీ కంపెనీకే రాసిచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత ఇలా "దత్తమండలాలు" అయ్యాయి. 1928లో నంద్యాల సభలో "రాయలసీమ" అని పేరు పెట్టుకునేదాకా ఆ ప్రాంతాన్ని అలాగే పిలిచారు. అటు టిప్పు కొలువులో మీర్ సాదిక్ ద్రోహిగా పేరుపడ్డాడు. దివాన్ పూర్ణయ్య బ్రాహ్మణుడు, టిప్పుకి చివరిదాకా కొలువు చేసి, తర్వాత ఒడయార్ల దివాన్‌గానూ కొనసాగాడు. ఇందులో ఏ మతం ఎటువైపు ఉందో ఎవరైనా గీతగీసి చూపించగలరా?

అయినా గీస్తూనే ఉన్నారు. కర్ణాటక ప్రభుత్వం 2015లో టిప్పు జయంతి మొదలుపెడితే మడికేరి గొడవల్లో ప్రాణాలు పోయాయి. 2017లో రాష్ట్రపతి అక్కడి శాసనసభలోనే టిప్పుది వీరమరణమన్నారు. 2019లో ప్రభుత్వం మారి జయంతి రద్దయింది. 2022లో టిప్పు ఎక్స్‌ప్రెస్ రైలు ఒడయార్ ఎక్స్‌ప్రెస్ అయింది. 2023 ఎన్నికల ముందు, టిప్పుని చంపింది ఇంగ్లీషువాళ్లు కాదు, ఉరిగౌడ, నంజేగౌడ అనే ఇద్దరు ఒక్కలిగులని కొత్త కథ పుట్టించారు. ఆధారం చూపలేకపోయారు. అదే ఏడాది మే నెలలో లండన్ వేలంలో టిప్పు కత్తి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయింది. దోచుకున్నవాళ్ల దేశంలో ఆయన వస్తువులకి ధర పెరుగుతుంటే, ఆయన పోరాడిన నేలమీద రైలుకి ఆయన పేరు బరువైంది.

జయంతి జరిపినప్పుడూ రద్దు చేసినప్పుడూ మమ్మల్ని ఎవరూ అడగలేదు. రెండుసార్లూ ఊళ్లో బందోబస్తు మాత్రం మా గల్లీల దగ్గరే పెట్టారు. మా ఓటుకి టిప్పు తలపాగా చుట్టేవాళ్లూ, మా మెడకి టిప్పు నేరాలు కట్టేవాళ్లూ మా కూలి, మా చదువు, మా ఇల్లు గురించి మాట్లాడకుండా తప్పించుకుంటున్నారు.

టిప్పుని మేం వదులుకోం. ఆయన యుద్ధం మాదీ, మీదీ. ఆయన చేసిన అన్యాయం ఆయనది, దాన్ని విమర్శించే బాధ్యత మాదీ, మీదీ. ఈ దేశంలో మా ఉనికికి ఏ సుల్తానూ జామీను ఉండనక్కర్లేదు. ఈ మట్టిలో మా తాతలు దున్నిన సాళ్లున్నాయి, నేసిన మగ్గాలున్నాయి, వాళ్ల గోరీలున్నాయి. వాటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.