పద్దెనిమిది నిమిషాల రొట్టె

పండుగకు ముందు రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, ఓ కొవ్వొత్తి, ఓ ఈక, ఓ చెక్క గరిటె పట్టుకుని యూదుల ఇళ్ళలో పిల్లా పెద్దా రొట్టె ముక్కల కోసం వెతుకుతారు. అప్పటికే రోజుల తరబడి ఇల్లంతా కడిగి తుడిచి ఉంటారు, ఇక దొరికేదేముంటుంది? అందుకని ఇంట్లోవాళ్ళే పది ముక్కలు మూలమూలలా దాచి ఉంచుతారు. దొరికినవాటిని ఈకతో గరిటెలోకి ఊడ్చి, మర్నాడు పొద్దున్న కాల్చేస్తారు.

తెలుగు బైబిలు చదివినవారికి ఇది పస్కా, పులియని రొట్టెల పండుగ. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ పూర్వికులకు పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకపోయిందన్నది దాని వెనకున్న కథ. ఇజ్రాయెల్లో ఏడు రోజులు, బయటి దేశాల్లో చాలామందికి ఎనిమిది రోజులు, గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాలతో చేసి పులిసినదేదీ ఇంట్లో ఉండకూడదు. దాని పేరు హమెత్స్. మామూలు రోజుల గిన్నెలు కూడా పనికిరావు. లోహపు పాత్రలైతే సలసల మరిగే నీళ్ళలో ముంచి తీస్తారు. మట్టివాటికి ఆ వీలు లేదు. చాలా ఇళ్ళలో పస్కా సామాను వేరే ఉంటుంది, ఏడాదంతా అటక మీదే.

గోధుమకు మాత్రం ఏ దోషమూ లేదు. పండుగ రొట్టె మత్సా కూడా గోధుమదే. తడిసిన పిండి ఊరికే నానుతూ కూర్చోవడమే తప్పు. పిండి మీద నీటి చుక్క పడిన క్షణం నుంచి రొట్టె కాలి బయటికొచ్చేదాకా పద్దెనిమిది నిమిషాలు దాటకూడదు. చేత్తో మత్సా చేసేచోట అందుకే పదిమంది పరుగుల మీద ఉంటారు. ఒకరు కలుపుతారు, కొందరు ఒత్తుతారు, ఒకరు పొంగకుండా ముళ్ళ చక్రంతో రొట్టెనిండా చిల్లులు పొడుస్తారు, ఒకరు పొడవాటి కర్రమీద వేసి భగభగమనే పొయ్యిలోకి తోస్తారు. కలిపే నీళ్ళు కూడా ముందురోజు తోడి రాత్రంతా చల్లారబెట్టినవే. వెచ్చటి నీళ్ళైతే పిండి తొందరగా పులుస్తుందని భయం. ఒక వాయి అయిందంటే బల్లమీది కాగితం మార్చి, అప్పడాల కర్రలు శుభ్రం చేసి మళ్ళీ గడియారం చూసుకోవాల్సిందే. 19వ శతాబ్దంలో యంత్రాలొచ్చి, గుండ్రటి మత్సా చాలాచోట్ల పలకలా చదరమైంది.

రుచి? నిజం చెప్పాలంటే ఉప్పు కూడా లేని అట్టముక్క. పస్కా వంటలోని పనితనమంతా ఆ అట్టముక్కతో ఏం చేశారన్నదాంట్లోనే ఉంది.

మధ్య, తూర్పు యూరప్ మూలాల యూదులు, అంటే అష్కెనాజీలు, దాన్ని రవ్వగా దంచి క్నేడ్లాహ్ అనే ఉండలు చేస్తారు. నాలుగు గుడ్లకు ఒక కప్పు మత్సా రవ్వ, నాలుగు చెంచాల కోడికొవ్వు, అంతే కోడి చారు, ఉప్పు, మిరియాలు. మాంసంతో పాలపదార్థాలు కలపరు గనక వెన్న మాటే లేదు. కోడి చర్మాన్ని ఉల్లిపాయతో సన్నసెగ మీద కరిగించి తీసిన ష్మాల్ట్సే వాడతారు. గిన్నెలో కరకరలాడుతూ మిగిలే చర్మపు ముక్కలు వంట చేసినవాళ్ళ వాటా. కలిపినదాన్ని కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. రవ్వ తడిని పీల్చుకుని గట్టిపడుతుంది. తర్వాత చేతులు తడి చేసుకుని నిమ్మకాయంత ఉండలు చుట్టి, ఉప్పునీళ్ళు మరుగుతుండగా వేసి, మూతపెట్టి, అరగంట పైగా ఆ మూత జోలికి పోకూడదు. చుట్టేటప్పుడు గట్టిగా నొక్కితే రాళ్ళే. దూదిలా తేలేది గొప్పా, బరువుగా మునిగేది గొప్పా అని ఇళ్ళలో తగువులు కూడా ఉన్నాయి. నేను తేలేవాటి పక్షం.

హసిదీ అనే నిష్ఠాపరుల శాఖలోని కుటుంబాలు కొన్నింటికి ఇదీ కుదరదు. మత్సాలో ఎక్కడో కాలని పొడిపిండి మిగిలి, తడి తగిలితే పులుస్తుందేమోనని వాళ్ళు దాన్ని అసలు తడపరు. బయటి దేశాల్లో వాళ్ళకు క్నేడ్లాహ్ ఎనిమిదో రోజునే.

మొదటి రాత్రి సేదెర్ విందులో ఒక పళ్ళెం పెడతారు. చేదుకు హార్స్‌రాడిష్ వేరు, ముక్కు అదిరేంత ఘాటు. కన్నీళ్ళకు గుర్తుగా ఉప్పునీళ్ళు. బానిసలు తొక్కిన అడుసుకు గుర్తుగా హరోసెత్. ఉగాది పచ్చడి గుర్తుకు రావడం సహజమే కానీ, ఇక్కడ రుచులన్నీ ఒక గిన్నెలో కలిసిపోవు, ఒక్కోదాన్ని దాని కథతో పాటే తింటారు. అష్కెనాజీల హరోసెత్ ఆపిల్, అక్రోటు, దాల్చినచెక్క, ఎర్ర వైన్. ఇరాక్ యూదులు ఖర్జూరాలు నానబెట్టి, ఉడికించి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని పాకం వచ్చేదాకా మరిగించి పైన అక్రోటు పొడి చల్లుతారు. అడుసు రంగుకీ రుచికీ నా ఓటు ఇరాక్‌కే.

బియ్యం దగ్గర మాత్రం పెద్ద పేచీ. పప్పులూ బియ్యమూ హమెత్స్ కావు. అయినా అష్కెనాజీలు వందల ఏళ్ళుగా వాటిని ముట్టరు. ఈ ఆచారం 13వ శతాబ్దపు ఫ్రాన్స్ రాతల్లోనే కనిపిస్తుంది. స్పెయిన్ మూలాల సెఫార్దీలు చాలామందీ ఇరాక్ యూదులూ తింటారు. మన పొరుగున కొచ్చిన్ యూదులూ తినేవారు, కానీ ఒక్కో గింజా ఏరి, బాగుచేసి, వేరుగా దాచుకునేవారు. అమెరికాలో కన్జర్వేటివ్ శాఖ ధర్మసభ 2015లో అష్కెనాజీలకూ సరేనంది. పాతపద్ధతివారు ఒప్పుకోలేదు. వాళ్ళ కోసమే ఏటా పండుగ ముందు అక్కడి కొన్ని దుకాణాల్లో పసుపు మూత కోకాకోలా వస్తుంది. మొక్కజొన్న కూడా వాళ్ళు ముట్టనిదే గనక, అందులో మొక్కజొన్న పాకానికి బదులు పంచదార.

తెలుగువాళ్ళలోనూ ఈ పండుగ ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం యూదులుగా చెప్పుకునే కుటుంబాలు పస్కా చేసుకుంటాయి.

అమెరికాలో మీ యూదు స్నేహితులు సేదెర్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, కానీ పులిహోర పట్టుకెళ్ళకండి. బియ్యం సంగతి ఇంటిని బట్టి ఉంటుంది. పోపులో వేసే డబ్బా ఇంగువలో మాత్రం చాలావరకు గోధుమపిండి కలుస్తుంది. కోయని పండ్లు తీసుకెళ్తే చాలు.