గుంత పొంగనాల పెనంలో తకోయాకి

2022 అక్టోబర్ 21న జపాన్‌లో విడుదలైన 'ఆర్ఆర్ఆర్' అక్కడ వంద రోజులు దాటి ఆడింది. మన సినిమా అటు వెళ్తే, వాళ్ల రామెన్, సుషీ జూబ్లీహిల్స్ హోటళ్లకు వచ్చాయి. నాకు మాత్రం వాటికన్నా తకోయాకి మీదే మనసు. అది గుండ్రటి పిండి ఉండలు కాల్చి అమ్మే వీధి తిండి. పైగా దానికి కావలసిన గుంతల పెనం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది.

ఒసాకాలో ఎండో తోమెకిచి అనే ఆయన మొదట గొడ్డు మాంసం పెట్టి ఇలాంటి ఉండలే కాల్చి అమ్మేవాడు. 1935లో మాంసం బదులు ఆక్టోపస్ ముక్క పెట్టాడు. అదే తకోయాకి. ఆయన పిండిలోనే రుచి ఉండేది, పైన సాస్ పోసేవాడు కాదు. ఇవాళ మనవాళ్లు సాస్, మయోనైజ్ సీసాలు ముందు కొంటారు. ప్రాణమంతా పిండిని కలిపే రసంలో ఉంది, దాన్ని మరిచిపోతారు.

ఆ రసం పేరు దాషి. కొంబు అనే సముద్రపు నాచు, కట్సువోబుషి అనే ఎండబెట్టిన చేప తురుముతో కాస్తారు. కొంబు రుచికి మూలం గ్లుటమేట్ అని 1908లో శాస్త్రవేత్త ఇకెదా కికునాయె కనిపెట్టాడు. చేపలో ఉండేది ఇనోసినేట్. ఈ రెండూ కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అవి దొరక్కపోతే దిగులు పడక్కర్లేదు. ఎండు నెత్తళ్లకు తల, పొట్ట తీసేసి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున సన్నసెగ మీద పది నిమిషాలు కాచి వడకట్టండి. జపాన్ ఇళ్లలోనూ చిన్న ఎండు చేపలతో ఇలాగే దాషి కాస్తారు. చేప తినని వాళ్లకు ఎండు షిటాకే పుట్టగొడుగులు నానిన నీళ్లు చాలు.

వంద గ్రాముల మైదాకు ఒక గుడ్డు, 350 మిల్లీలీటర్ల చల్లారిన రసం, కొంచెం ఉప్పు. ఇంత పల్చగా ఉందేమిటని పిండి పెంచకండి. నీరు ఎక్కువుంటేనే పైపొర కరకరలాడినా లోపల మెత్తగా, జారుగా మిగులుతుంది. లోపల పెట్టడానికి ఆక్టోపస్ బదులు ఉడికించిన రొయ్య ముక్కలు, వాటితో పాటు ఉల్లికాడలు, సన్నగా తరిగి వెనిగర్‌లో ఊరవేసిన అల్లం, ఉప్పు కారం లేని బూందీ పొడి.

అసలు పనితనం తిప్పడంలో ఉంది. పొంగనాల పిండి పులిసి పొంగుతుంది కాబట్టి గుంతను కాస్త వెలితిగా ఉంచుతాం. ఇక్కడ అంతా తలకిందులు. పెనం బాగా కాగాక గుంతల నిండా నూనె రాసి, పిండి గుంతలు దాటి పెనమంతా పరుచుకునేలా పోయాలి. ముక్కలు వేసి, అడుగు గట్టిపడగానే గుంతల మధ్య పిండిని వెదురు పుల్లతో గీతలు గీసి విడదీయాలి. ఒక్కోదాన్ని పావు వంతు తిప్పుతూ, చుట్టూ ఉన్న పిండిని కిందికి తోయాలి. పొర్లిన ఆ పిండే గుంతలోకి జారి రెండో సగం అవుతుంది. మన పొంగనం ఒక్కసారే తిరగబడుతుంది కాబట్టి అంచు దగ్గర నడుము కనిపిస్తుంది. తకోయాకి పూర్తి గుండ్రంగా రావాలంటే చేయి ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. చివర్లో మరికాస్త నూనె వేస్తే పైపొర బిగుస్తుంది.

ఇనుప పెనమైతే మరీ మంచిది, వేడి నిలుస్తుంది. ఒసాకా ఇళ్లలో పెనాన్ని బల్ల మధ్య పెట్టి, చుట్టూ కూర్చుని తలో పుల్లతో తిప్పుకుంటారు. పిల్లలున్న ఇంట్లో ఇంతకన్నా మంచి ఆదివారం సాయంత్రం నాకు తట్టదు. మొదటి వాయి సాస్ లేకుండా తినండి, రసం రుచి తెలుస్తుంది. లోపల సలసలా కాగుతుంటుంది, పుల్లతో చీల్చి కాసేపు ఆగండి.