గీత ఎవరు గీయాలి?

జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా ఫోన్లో ఆటలాడే కుర్రాళ్ల దగ్గర ‘మోడ్’ అన్న మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది ఆటను ఎవరో మార్చి పంచిన ఏపీకే ఫైలే. ఎంత ఖర్చు పెట్టినా తరగని కాయిన్లు, ఎన్ని దెబ్బలు తగిలినా చావని హీరో, కొనకుండానే చేతికొచ్చిన తుపాకీ. అలాంటి చోట ‘మోడ్ పెట్టిన ఆటతో టోర్నమెంటు నడుపుతున్నారు’ అంటే గుర్తులు పెట్టిన పేకముక్కలతో పందెం ఆడినట్టే వినిపిస్తుంది. ఫైటింగ్ గేముల చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతోంది. అక్కడ అభిమానులు చేసిన మార్పులు చాలాసార్లు పోటీని చెడగొట్టకపోగా, కంపెనీ వదిలేసిన లోపాన్ని సరిదిద్దాయి. ఇద్దరు ఆటగాళ్ల ముందూ ఉన్నది ఒకే ఆటేనా, అందులో ఏం మారిందో ఇద్దరికీ ముందే తెలుసా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. డబ్బా మీద ఎవరి ముద్ర ఉందన్నది ఆ తర్వాతి మాట.

ఈ లెక్క మనకు కొత్తది కాదు. చెడుగుడు ఏ కంపెనీ తయారుచేసి అమ్మిన ఆట? అవుటైనవాడు తిరిగి బతికొచ్చే సంజీవని, జట్టంతా అవుటయ్యేదాకా ఎవరూ లేవని గామిని, అసలు ఎవరూ బయటికి పోని అమర్ అని ఒకే ఆటను ఒక్కో చోట ఒక్కో తీరుగా ఆడారు. సంఘాలు ఏర్పడి నియమాలను ఒక దారికి తెచ్చాక, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి పతకం దక్కే చోటు దొరికింది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ ఆ నియమాల్లో మళ్లీ చెయ్యిపెట్టింది. కూతకు వెళ్లినవాడు 30 సెకన్లలో తిరిగి రావాలి, వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేకుంటే అవుటే. దమ్మును నమ్ముకున్న ఆట గడియారాన్ని నమ్ముకోవడం పాతవాళ్లకు నచ్చకపోవచ్చు. అలాగని దాన్ని మోసమని ఎవరూ అనరు, నియమం రెండు జట్లకూ ఒకటే కాబట్టి.

వీడియో గేములో ఇదెలా ఉంటుందో చూడటానికి నింటెండో కంపెనీ 2001లో గేమ్‌క్యూబ్ మీద విడుదల చేసిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీని మించినది లేదు. ఇరవై ఏళ్లు దాటినా దాని పోటీలు ఆగలేదు. ఆ ఆట సెకనుకు 60 సార్లు కదులుతుంది, ప్రతిసారీ కంట్రోలర్ పుల్ల ఎక్కడుందో చూసుకుంటుంది. కుడివైపు చూస్తున్న బొమ్మ ఒక్కసారిగా ఎడమకు దూసుకుపోవాలంటే పుల్లను చటుక్కున ఆ చివరికి నెట్టాలి. అది సగం దారిలో ఉండగా ఆట చూసిందంటే, ఆటగాడు మెల్లగా వెనక్కి తిరగాలనుకున్నాడని లెక్కేసుకుంటుంది. బొమ్మ తిరుగుతుంది గానీ దూకదు. ఈలోగా ఎదుటివాడి దెబ్బ పడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఒకే కంపెనీ, ఒకే మోడల్ కంట్రోలర్లలో కొన్నింటికి ఈ ఎత్తు సులువుగా పడుతుంది, కొన్నింటికి పడదు. వేళ్ల వేగం ఒకటే అయినా ఫలితం వేరు. అందుకే గట్టి ఆటగాళ్లు మంచి కంట్రోలర్ కోసం ఒకదాని తర్వాత ఒకటి కొంటూ వెతికేవారు. విత్తనాలు నాటితేగానీ మొలక సంగతి తెలియనట్టు, కొని చూస్తేగానీ తెలిసేది కాదు, అదృష్టం ఉన్నవాడికి దొరికేది. 2017లో అభిమానులు యూనివర్సల్ కంట్రోలర్ ఫిక్స్ అనే చిన్న మోడ్ చేశారు. అది బొమ్మకు బలం పెంచదు, కొత్త ఎత్తు నేర్పదు, ఈ తేడాను చెరిపేస్తుందంతే. ఇప్పుడు పెద్ద మెలీ పోటీల్లో అది మామూలైపోయింది. ముద్ర చెక్కుచెదరని అసలు ఆటలో డబ్బున్నవాడికి మొగ్గు, అభిమానులు తాకిన ఆటలో ఇద్దరూ సమానం. ఈ రెంటిలో ఏది మోసమో చెప్పండి!

ఇంతకంటే పెద్ద మార్పులూ ఉన్నాయి. మెలీ తర్వాత అదే వరుసలో 2008లో వచ్చిన బ్రాల్‌లో పరుగెత్తే బొమ్మ ఏ కారణం లేకుండా అప్పుడప్పుడూ కాలు జారి పడుతుంది. పిల్లల సరదాకు బాగుంటుంది, పందెంలో చిరాకు. దాన్ని తీసేసి, ఆటనే మెలీ వైపు మళ్లించింది ప్రాజెక్ట్ ఎమ్ అనే మోడ్. 1992లో స్ట్రీట్ ఫైటర్ 2 ఆర్కేడ్ బోర్డులను మార్చి, గాల్లోంచి కూడా నిప్పుబంతులు విసిరేలా, వేగం పెరిగేలా ఎవరో తయారుచేసిన ‘రెయిన్‌బో ఎడిషన్’ పోటీకి పనికొచ్చే సరుకు కాదు. అయినా జనం దాని వేగానికి అలవాటు పడ్డారు. ఆ ఏడాది చివర్లో ఆ ఆట తయారీదారైన క్యాప్‌కామ్ కంపెనీయే వేగం పెంచిన హైపర్ ఫైటింగ్‌ను తెచ్చింది. దొంగబోర్డు చేసినవాళ్లకు కృతజ్ఞతలేమీ చెప్పలేదనుకోండి.

‘ఆట కంపెనీ సొత్తు, దాని మీద మీకేం హక్కు?’ అనేది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. చెడుగుడుకు యజమాని లేడు, మెలీకి ఉన్నాడు. స్లిప్పి అనే మోడ్ 2020లో మెలీని ఇంటర్నెట్‌లో సాఫీగా ఆడుకునేలా చేసింది. కొవిడ్ వల్ల బిగ్ హౌస్ అనే టోర్నమెంటును దాని మీదే జరపబోతే, ఆ నవంబరులో నింటెండో నోటీసు పంపి ఆపించింది. ఆటను అక్రమంగా కాపీ చేస్తేనే స్లిప్పి నడుస్తుందన్నది కంపెనీ అభ్యంతరం. కాపీల దొంగతనం సంగతిలో కంపెనీ బాధ న్యాయమే. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సక్రమంగా కొన్న ప్రోగ్రామును దాని అసలు పనికి వాడుకోవడానికి మార్చుకోనిస్తుంది, బ్యాకప్ తీసుకోనిస్తుంది. ఆ వెసులుబాటును టికెట్లు అమ్మే పోటీ దాకా లాగడం కష్టమే. కానీ 2023లో అదే కంపెనీ లైసెన్సు లేని చిన్న పోటీలకు పెట్టిన షరతులు చూడండి. నేరుగా జరిపితే 200 మంది, ఆన్‌లైన్‌లో 300 మంది మించకూడదు. మార్చిన ఆట అసలు వాడకూడదు. కొన్న డిస్కుతో, ముందే చెప్పి, కంట్రోలర్ తేడాను సరిచేసుకున్నవాడినీ, దొంగకాపీలు పంచినవాడినీ ఒకే గాటన కట్టడం సబబు కాదు.

మోడ్ చాటున మోసం దూరదా అని ఇంకో అనుమానం. దూరుతుంది. 2023లో ఒక స్ట్రీట్ ఫైటర్ 6 పోటీ ప్రత్యక్ష ప్రసారంలో ఆ ఆటలోని యోధురాలు చున్ లీ బట్టల్లేకుండా తెర మీద ప్రత్యక్షమైంది. నిర్వాహకుల కంప్యూటర్లో మిగిలిపోయిన మోడ్ అది. చెప్పకుండా ఉన్న మోడ్ ఎంత చేటో ఆ పోటీ చూపింది. కాబట్టి ఏ మోడ్, ఎన్నో వెర్షన్ అన్నది ముందే ప్రకటించాలి, ఆటకు ముందు ప్రతి యంత్రాన్నీ ఒకరు చూడాలి. నన్ను నిజంగా ఇరుకున పెట్టే అభ్యంతరం మరొకటి ఉంది. గీత గీసే పెద్ద లేకపోతే ఎవరికి తోచిన గీత వాళ్లు గీస్తారు. 2015 డిసెంబరులో ప్రాజెక్ట్ ఎమ్ బృందం పని ఆపేశాక జరిగింది అదే. ఎవరికి వాళ్లు దాన్ని సవరించుకుంటూ పోయారు. దాని ఆధారంగా ప్రాజెక్ట్ ప్లస్ అనే మోడ్ వచ్చి చాలామందిని మళ్లీ ఒకచోటికి చేర్చడానికి ఏళ్లు పట్టింది. ఆ అభ్యంతరానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కబడ్డీకీ సంజీవని, గామిని, అమర్‌లను ఒక్క నియమావళి కిందికి తేవడానికి దశాబ్దాలే పట్టాయి, అదీ ఒక సంఘం పెట్టుకున్నాకే.