మోహనిద్రతో మనోధైర్యం లభించునా?

హిప్నాటిజం అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. దానిని కొందరు వశీకరణ విద్య అన్నారు, కొందరు సమ్మోహనం అన్నారు. మోహనిద్ర అనే పేరు కూడ వాడుకలో ఉన్నది. ఒకప్పుడు జనం దానిని క్షుద్రవిద్యలతో కలిపి చూచి భయపడేవారు. నేడు ఆ భయం తగ్గింది గాని, దాని స్థానంలో మితిమీరిన ఆశ బయలుదేరింది. పరీక్షల భయం, వేదిక ఎక్కితే వణుకు, ఓటమిని తట్టుకోలేని బలహీనత, వీటన్నిటినీ కొద్ది పర్యాయాల మోహనిద్రతో పోగొట్టి మనస్సుకు చెక్కుచెదరని ధైర్యాన్ని కలిగించవచ్చునని చెప్పేవారు పట్టణాలలో ఉన్నారు. ఇందులో నిజమెంత, అతిశయోక్తి ఎంత అన్నది ఉపాధ్యాయులూ విద్యార్థులూ తప్పక తెలిసికోదగిన విషయం.

ముందుగా ఈ విద్య పుట్టుకను చూడాలి. 18వ శతాబ్దం చివర మెస్మర్ అనే వైద్యుడు జీవుల శరీరాలలో ఒక విధమైన అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ, దానిని సరిచేస్తే రోగాలు కుదురుతాయనీ పారిస్ నగరంలో ప్రచారం చేశాడు. 1784లో ఫ్రెంచి రాజు పదహారవ లూయీ నియమించిన సంఘం ఈ వాదాన్ని పరీక్షించింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడు లవోజియే అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ తోటలో ఒకే ఒక చెట్టుకు ఆ శక్తిని ఎక్కించి, 12 ఏండ్ల బాలుని కండ్లకు గంతలు కట్టి చెట్ల వద్దకు ఒక్కొక్కటిగా నడిపించారు. బాలుడు మూర్ఛపోయిన మాట నిజమే. కాని శక్తి ఎక్కించిన చెట్టు వద్ద కాదు, దానికి దూరంగా ఉన్న వేరొక చెట్టు వద్ద! ద్రవమేదీ లేదు, పనిచేసింది ఊహయే అని సంఘం నిర్ణయించింది.

ఈ ప్రయోగంలో రెండు పాఠాలున్నవి. మెస్మర్ చెప్పిన కారణం అబద్ధం. బాలునికి కలిగిన మూర్ఛ మాత్రం అబద్ధం కాదు. నమ్మకం శరీరాన్ని కదిలించగలదు. ఈ రెండవ పాఠాన్ని పట్టుకొన్నవారిలో ముఖ్యుడు గోవాలో పుట్టిన ఫారియా అనే క్రైస్తవ మతాచార్యుడు. ఆయన 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, శక్తి నిద్రపుచ్చేవానిలో లేదు, నిద్రపోయేవానిలోనే ఉన్నదని వాదించాడు. ఆపైన బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1843లో ప్రచురించిన గ్రంథంతో హిప్నాటిజం అనే పేరు స్థిరపడింది. గ్రీకు భాషలో హిప్నాస్ అనగా నిద్ర. నిజానికి ఇది నిద్ర కాదు. ఒకే విషయంపై ధ్యాస నిలిచి, పరిసరాల స్పృహ తగ్గి, ఇచ్చిన సూచనకు మనిషి తేలికగా స్పందించే స్థితి మాత్రమే.

సూచన ఎట్లా పనిచేస్తుందో తరగతి గదిలోనే చూపవచ్చును. ఒక దారానికి తాళంచెవి కట్టి, విద్యార్థిని మోచేయి ఆన్చకుండా దానిని పట్టుకోమనాలి. చేయి కదపకుండా, తాళంచెవి కుడి ఎడమలకు ఊగుతున్నట్లు ఊహించమనాలి. కొద్దిసేపటికి చాలామంది చేతిలో అది నిజంగానే ఊగుతుంది. తామే ఊపుతున్నామని వారికి తెలియదు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ ఈ విషయాన్ని పరిశీలించి 1833లో ప్రకటించాడు. కండ్లకు గంతలు కట్టగా కదలిక ఆగిపోవడం ఆయన గమనించాడు. బోరు వేయబోయే చోట అరచేతిలో కొబ్బరికాయ నిలబడినప్పుడు పనిచేసేది కూడ ఇట్టి తెలియని కండర చలనమే.

తెలుగునాట హిప్నాటిజాన్ని ఇంటింటి మాటగా చేసినవారిలో బి.వి. పట్టాభిరామ్ పేరు ముందుగా చెప్పాలి. ఇంద్రజాలికునిగా ప్రసిద్ధులై, హిప్నాటిజం ప్రదర్శనలిచ్చి, ఆపైన మనస్తత్వ సలహాదారుగా, వ్యక్తిత్వ వికాస రచయితగా పేరు పొందిన ఆయన 2025లో హైదరాబాదులో మరణించారు. ఇది క్షుద్రవిద్య కాదు, మనస్సుకు సంబంధించిన విషయమని సామాన్య జనానికి నచ్చజెప్పినందుకు ఆయనకు ఋణపడి ఉండాలి. చేతబడి అనే అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు జరిగిన ప్రాంతంలో ఇది చిన్న సేవ కాదు.

అయితే వేదిక మీది హిప్నాటిజానికి, అది ఎవరిదైనప్పటికీ, ఒక పరిమితి ఉన్నది. ప్రేక్షకులు చూచేది ఎంపిక తరువాతి ఫలితాన్ని. ప్రదర్శకుడు మొదట అందరినీ చేతులు గట్టిగా పెనవేసికోమని, ఇక విడదీయలేరని చెబుతాడు. నిజంగానే విడదీయలేకపోయినవారినే వేదిక పైకి పిలుస్తాడు. మిగిలిన వందలాది మంది కుర్చీలలోనే ఉండిపోతారు. పదిమంది లొంగడం చూచినవారికి అందరూ లొంగుతారన్న భ్రమ కలుగుతుంది. ప్రయోగశాలలో తేలినది వేరు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1959లో సూచనలకు స్పందించే గుణాన్ని కొలిచే మానాన్ని తయారుచేశారు. అట్టి కొలతల ప్రకారం నూటికి సుమారు 10 నుండి 15 మంది మాత్రమే మిక్కిలి ఎక్కువగా స్పందిస్తారు. దాదాపు అంతేమంది బొత్తిగా స్పందించరు. తక్కినవారు మధ్యస్థులు. 25 సంవత్సరాల తరువాత అదే వ్యక్తులను మళ్ళీ పరీక్షించినప్పుడు ఈ గుణం పెద్దగా మారలేదని 1989లో ప్రకటించారు. కనుక అందరికీ ఒకే విధంగా పనిచేస్తుందన్న వాదన మొదటి మెట్టులోనే తప్పుతున్నది.

అట్లని మోహనిద్ర చికిత్స వట్టిదని కొట్టివేయడం కూడ అశాస్త్రీయమే. 1984లో ఇంగ్లండులో వోర్వెల్, ఆయన సహచరులు మందులకు లొంగని ప్రేగుల వ్యాధితో బాధపడే 30 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మోహనిద్ర చికిత్సను, రెండవ భాగానికి మానసిక చికిత్సతోపాటు ఉత్తుత్తి మాత్రలను ఇచ్చారు. మొదటి వారిలో మేలు స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. 12 నెలలు మందులు వాడినా తగ్గని ఇట్టి ప్రేగుల బాధకు ఈ చికిత్సను పరిశీలించవచ్చునని బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ సూచిస్తున్నది. ఆందోళన విషయమై జరిగిన 15 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2019లో ప్రకటించిన సమీక్షలో, ఈ చికిత్స పొందిన సగటు వ్యక్తి పొందనివారిలో నూటికి 79 మందికంటె ఎక్కువగా మెరుగుపడినట్లు తేలింది. దీనిని ఇతర మానసిక చికిత్సలతో జోడించినప్పుడే ఎక్కువ ఫలితం కనిపించింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. అవి ప్రేగుల బాధను గూర్చి, ఆందోళనను గూర్చి చెబుతున్నవి. జీవితకాలపు మనోధైర్యాన్ని గూర్చి కాదు. పరీక్షకు ముందు గుండెదడ తగ్గడం వేరు, పరీక్ష తప్పిన తరువాత లేచి నిలబడడం వేరు. ప్రచారంలో ఈ రెంటినీ ఒకటిగా కలిపివేస్తారు. పైగా మనిషి బాధ మిక్కుటంగా ఉన్నప్పుడే సహాయం కోసం వెళతాడు. ఆ తరువాత ఏమి చేసినా, చేయకపోయినా కొంత తగ్గడం సహజం. ఒకరు శ్రద్ధగా మాట వినడం వల్లనే మరికొంత ఉపశమనం కలుగుతుంది. అందువల్లనే పోల్చిచూచే రెండవ గుంపు లేకుండా, బాగుపడినవారి మాటలను మాత్రమే సాక్ష్యంగా చూపితే శాస్త్రం ఒప్పుకోదు.

మరి మనోధైర్యం ఎక్కడినుండి వస్తుంది? దీనికి మంచి సమాధానం హవాయి దీవులలోని కవాయీలో దొరికింది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు పరిశీలించింది. పేదరికం, ఇంటి కలహాలు మొదలైన అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో దాదాపు మూడవవంతు సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వారికి దన్నుగా నిలిచిన వానిలో ముఖ్యమైనది, తమను పట్టించుకొనే ఒక పెద్ద మనిషి తోడు. తల్లి కావచ్చు, తాత కావచ్చు, బడి పంతులు కావచ్చు. యాన్ మాస్టెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 2001లో ఈ గుణాన్ని సాధారణ ఇంద్రజాలం అని వర్ణించింది. అనగా అది అరుదైన శక్తి కాదు, మామూలు అనుబంధాల నుండి, మామూలు అలవాట్ల నుండి పుట్టేదే. వేదిక మీది ఇంద్రజాలానికీ దీనికీ ఎంత దూరమో చూడండి!

ఈ సందర్భంలో హైదరాబాదు చరిత్ర ఒక మంచి పోలికనిస్తుంది. శంషాబాదు వైపు, హిమాయత్‌సాగర్ సమీపాన కొత్వాల్‌గూడ గ్రామం ఉన్నది. ఆ జలాశయం ఎందుకు పుట్టింది? 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలాది మంది మరణించారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెబుతారు. వారి తెగువ మెచ్చుకోదగినదే. కాని తరువాత ప్రభుత్వం జనానికి చెట్లెక్కడం నేర్పి ఊరుకోలేదు. విశ్వేశ్వరయ్యను రప్పించి, ఆయన సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను కట్టించింది. హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయింది. వ్యక్తి ధైర్యం చింతచెట్టు వంటిది. సమాజం చేసే ఏర్పాటు జలాశయం వంటిది. రెండవది లేకుండా మొదటిదానినే కీర్తించడం న్యాయం కాదు.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. 2019 ఏప్రిల్ 18న వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో ఘోరమైన తప్పులు దొర్లాయి. ఒక విద్యార్థినికి తెలుగులో 0 వచ్చినట్లు చూపగా, ఆమెకు వచ్చినవి 99 అని తరువాత తేలింది. ఫలితాల అనంతరం 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నట్లు వార్తలు వచ్చినవి. తప్పిన వారందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించవలసి వచ్చింది. ఇట్టి ఆపదకు ఒకే కారణం చెప్పరాదు. అయినా ఒక్క మాట ప్రశ్నించక తప్పదు: ఆ పిల్లలకు కావలసినది మోహనిద్రా, సరియైన మార్కుల పట్టికా? మార్కులతోనే జీవితం ముగియదని చెప్పే పెద్ద మనిషా, సూచనలిచ్చే నిపుణుడా? లోపమంతా పిల్లవాని మనస్సులోనే ఉన్నదని చెప్పే ఏ చికిత్స అయినా పెద్దలను బాధ్యతనుండి తప్పిస్తుంది. మనోధైర్య ప్రచారంలో అన్నిటికంటె పెద్ద దోషం ఇదే.

మరొక దోషం పూర్వజన్మలను తవ్వడం. నేటి భయాలకు మూలం గత జన్మలో ఉన్నదని చెప్పి, మోహనిద్రలో దానిని జ్ఞప్తికి తెప్పిస్తామనేవారున్నారు. కెనడా శాస్త్రజ్ఞుడు స్పానోస్, ఆయన సహచరులు 1991లో ప్రకటించిన ప్రయోగాలలో, అట్టి జ్ఞాపకాలు నిద్రపుచ్చినవాడు ముందుగా చెప్పిన మాటలను అనుసరించి మారుతున్నట్లు తేలింది. మోహనిద్ర జ్ఞాపకాన్ని పదును పెట్టదు. కల్పనను నిజమని నమ్మే ధీమాను పెంచగలదు. భయపడుతున్న పిల్లవానికి మరొక భయాన్ని అంటగట్టడం చికిత్స అనిపించుకోదు.

భారత ప్రభుత్వ ఆరోగ్య శాఖ 2003 నవంబరు 25 నాటి ఉత్తరువులో మోహనిద్ర చికిత్సను ప్రత్యేక వైద్య విధానంగా కాక, ఒక చికిత్సా పద్ధతిగా మాత్రమే పేర్కొని, నమోదైన వైద్యులు లేక తగిన శిక్షణ పొందినవారు దానిని వాడవచ్చునన్నది. ఈ తేడా అర్థవంతమైనది. సూది వేయడం వైద్యంలో ఒక పద్ధతి, వైద్యమంతా కాదు. అట్లే మోహనిద్ర కూడ. తీవ్రమైన కుంగుబాటుకు, భ్రమలతో కూడిన మానసిక వ్యాధులకు ముందుగా మానసిక వైద్యుని చూపాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వంటి ప్రభుత్వ ఆస్పత్రులు ఇందుకోసమే ఉన్నవి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 సంఖ్యపై ఉచితంగా సంప్రదించవచ్చును.

కనుక మోహనిద్ర చికిత్సను గూర్చి ఎవరైన చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. ఏ బాధకు? ఎవరి చేతిలో? దేనితో పోల్చి చూచి? వీటికి సూటిగా జవాబిచ్చే నిపుణుని సహాయం తీసుకోవడంలో తప్పు లేదు. జవాబు దాటవేసి ధైర్యాన్ని నింపుతామని మాత్రమే చెప్పేవారికి దూరంగా ఉండడం మేలు. ధైర్యం ఒకరు నింపితే నిండేది కాదు. చిన్న ఓటములను ఎదుర్కొని, అడిగి, నేర్చుకొని, మళ్ళీ ప్రయత్నించడం వల్ల అది క్రమంగా ఏర్పడుతుంది. అందుకు తగిన వాతావరణాన్ని కల్పించగల పెద్ద మనిషి ప్రతి బడిలోనూ ఉన్నాడు. తప్పు జవాబు చెప్పిన పిల్లవానిని నలుగురిలో నవ్వులపాలు చేయకుండా, ఎక్కడ పొరపాటు జరిగిందో మరల చూపించే ఉపాధ్యాయుడు ఏ మోహనిద్రా లేకుండానే ఆ పని చేస్తున్నాడు.