మిగిలిందే వీధి

పోర్ట్ లూయిస్‌లో తల పైకెత్తి నడవాలి. చూపు కిందే ఉంచితే కనిపించేవి సెల్‌ఫోన్ షాపులు, బట్టల కొట్లు, ప్లాస్టిక్ సామాన్లు, బ్యాంకులు. ఏ ఊళ్లోనైనా ఉండేవే. మేడ మీదికి చూస్తే ఊరు మారిపోతుంది. నల్లరాతి గోడ, దాని మీద చెక్కతో కట్టిన పై అంతస్తు, ముందు ఇనుప కమ్మీల బాల్కనీ, చూరు అంచున పూలుపూలుగా కత్తిరించిన రేకు, కిటికీలకు సగం ఊడిన చెక్క రెక్కలు. కింద కొట్టు, పైన కాపురం. మారిషస్ రాజధానిలో వర్తకుడి ఇల్లంటే చాలాకాలం ఇదే.

మనవాళ్లు మారిషస్ వెళ్తే సముద్రం చూసి వచ్చేస్తారు. పోర్ట్ లూయిస్‌కి ఒక పూట ఇస్తారు, అదీ కాడన్ వాటర్‌ఫ్రంట్‌లో బేరాలకి. నాకు పాత రేవుపట్నాల్లో కాళ్లరిగేలా తిరిగే పిచ్చి ఉంది. అలా తిరగడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఏముందో చూసే ముందు ఏం పోయిందో అడగాలి. పాత వీధి ఎవరో పనిగట్టుకుని దాచింది కాదు. ఊరి మీద పడిన దెబ్బలన్నీ పోగా మిగిలింది. ఆ దెబ్బల లెక్క తెలిస్తే, ఈ గోడ ఎందుకుందో, దాని పక్క ఖాళీ ఎందుకుందో అర్థమవుతుంది.

ముందు గుట్ట ఎక్కాలి. ఊరి వెనకాల సిటడెల్ అనే నల్లరాతి కోట ఉంది. బ్రిటిష్‌వాళ్లు 1834, 1840 మధ్య కట్టారు. బానిసత్వం రద్దవుతున్న రోజులవి. చెరకు తోటల యజమానులైన ఫ్రెంచివాళ్లు తిరగబడతారేమోనని ప్రభుత్వానికి బెదురు. అక్కణ్నుంచి చూస్తే ఎదురుగా రేవు, రేవు నుంచి తిన్నగా వచ్చే వీధులు, వాటిని అడ్డంగా కోసే వీధులు, వెనక కొండలు. ఒక పక్క 1812 నుంచి గుర్రప్పందేలు నడిచిన షాన్ ద మార్స్ మైదానం. 1968 మార్చి 12న స్వతంత్ర మారిషస్ జెండా ఎగిరింది కూడా ఆ పందేల మైదానంలోనే.

ఈ గడుల ఊరికి రూపం ఇచ్చినవాడు 1735లో గవర్నరుగా వచ్చిన ఫ్రెంచివాడు లాబుర్దొనే. రేవు ముందున్న ప్లాస్ దార్మ్ చౌకులో, తాటిజాతి చెట్ల వరసల దగ్గర, ఇప్పటికీ ఆయన విగ్రహం సముద్రానికేసి చూస్తూ నిలబడి ఉంటుంది. రాళ్లు మోసినవాళ్లు మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి పట్టి తెచ్చిన బానిసలు. పనిమంతుల కోసం ఆయన పుదుచ్చేరికి కూడా కబురు పెట్టాడు. అంటే కూలీల ఓడలు రావడానికి వందేళ్ల ముందే దక్షిణాది మేస్త్రీల చేతులు ఈ గోడల్లో పడ్డాయి. ఊరి నడిబొడ్డు తెల్లవాళ్లది. తూర్పున మలబారుల క్యాంపు, ఓడ పనివాళ్లైన లస్కర్ల క్యాంపు. పడమర స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ల క్యాంపు. మలబారులంటే కేరళవాళ్లనే కాదు, దక్షిణం నుంచి వచ్చినవాళ్లందరికీ అదే పేరు. గుట్ట మీంచి చూస్తే ఈ గీతలు కనపడవు. దిగి నడిస్తే మాత్రం కాళ్లకు తెలుస్తాయి: వీధి సన్నబడుతుంది, రాయి పోయి రేకు వస్తుంది.

ఇక దెబ్బల లెక్క. మొదటిది నిప్పు. 1816 సెప్టెంబరులో అంటుకున్న మంట చెక్క ఊరిలో పెద్ద భాగాన్ని ఒక్కసారిగా తినేసింది. ఆ తర్వాత వ్యాపారం జరిగే వీధుల్లో రాతి కట్టడం పెరిగింది. రేవు దగ్గర కింది అంతస్తులు అంత మందంగా ఎందుకున్నాయో చెప్పేది ఆ మంటే. అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి అయిన రాయి కాబట్టి దీవిలో దానికి కరువు లేదు. 1822లో తెరిచిన నాటకశాల మంట తర్వాత లేచిన ఊరిదే.

రెండోది జ్వరం. 1866, 67ల్లో మలేరియా ఊరి మీద పడింది. వేలమంది పోయారు. రోగం చెడుగాలి వల్ల వస్తుందని అప్పటి నమ్మకం. డబ్బున్నవాళ్లు చల్లగాలి వెతుక్కుంటూ క్యూర్‌పిప్ వైపు మెరకకి తరలిపోయారు. అప్పటికే రైలు పడటంతో వాళ్లకి దారి సులువైంది. కారణం తప్పు, చేరిన చోటు ఒప్పు: ఆ ఎత్తులో దోమలు తక్కువ. అసలు కారణం బయటపడింది 1897లో, మన సికింద్రాబాదులో. దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రోనాల్డ్ రాస్ పదేళ్లకి, 1907లో, మారిషస్ వెళ్లి అక్కడి మలేరియాను ఎలా అదుపు చేయాలో పరిశీలించి నివేదిక రాశాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ముందునుంచి వెళ్లినవాళ్లకి పోర్ట్ లూయిస్‌లో మూతపడిన ఆ మేడలు మరీ పరాయివిగా అనిపించవు.

జ్వరం ఇళ్లను కూల్చలేదు, ఖాళీ చేసింది. ఆ ఖాళీ ఇప్పటికీ సాగుతోంది. పొద్దున్న పోర్ట్ లూయిస్ కిటకిటలాడుతుంది. సాయంత్రం ఆఫీసులు మూసేసరికి జనం బస్సులు, మెట్రో ఎక్కి పైకి వెళ్లిపోతారు. 1956లో ప్రయాణికుల రైలు ఆగింది. ఇప్పటి మెట్రో చాలా దూరం ఆ పాత రైలుదారి వెంటే నడుస్తుంది. చీకటి పడ్డాక రాయల్ రోడ్డులో మీ చెప్పుల చప్పుడు మీకే వినిపిస్తుంది. దాని బీజం నూట అరవై ఏళ్ల కిందటి జ్వరంలో ఉంది.

మూడోది గాలి. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుపాను ఊళ్లో చెక్క ఇళ్లను వరసలకి వరసలు పడగొట్టింది. 1960 ఫిబ్రవరిలో కరోల్ తుపాను దీవి మొత్తాన్ని కుదిపేసింది. ఆ తర్వాత జనానికి చెక్క మీద నమ్మకం పోయింది. ప్రభుత్వం కాలనీలు కట్టింది, చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లు సిమెంటు వేశారు. అందుకే పోర్ట్ లూయిస్‌లో కాంక్రీటు పెట్టెల్లాంటి ఇళ్లను చూసి మొహం తిప్పుకోకూడదు. అవి గాలికి జనం ఇచ్చిన జవాబు. కోనసీమలో తుపాను తర్వాత తాటాకు దించి స్లాబు వేసుకున్న మనిషికి ఆ జవాబు వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగోది కారు. రేవుకీ ఊరికీ మధ్య మోటార్‌వే పడింది. ఇటు ఊరు, అటు నీళ్లు, మధ్య రొద. ఆ రోడ్డు అంచున ఉంది ఆప్రవాసీ ఘాట్. బానిసత్వం రద్దవుతుండగానే తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మందితో వచ్చింది. అప్పట్నుంచి దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఈ రేవులో దిగారు. వాళ్లను దించడానికి 1849లో కట్టడం మొదలెట్టిన ఈ డిపో ఇప్పుడు ప్రపంచ వారసత్వ స్థలం, 2006 నుంచి. మిగిలింది మాత్రం అప్పటి ప్రాంగణంలో సగం కూడా లేదు: కొన్ని రాతి గదులు, వంటశాల, స్నానాల చోటు, ఓడ దిగినవాళ్లు ఎక్కిన పదహారు మెట్లు.

ఆ దిగినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కోరంగి, విశాఖ రేవుల్లో ఎక్కినవాళ్లు, మద్రాసు దాకా నడిచి వెళ్లి ఎక్కినవాళ్లు. ఇప్పుడు అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. మెట్ల దగ్గర నిలబడితే తెలుగువాడికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పడనివ్వండి. కానీ అక్కడే ఆగిపోకండి. పరాయి ఊళ్లో మన ఆనవాళ్లు మాత్రమే వెతికితే ఊరు సగమే కనిపిస్తుంది. అవే మెట్లు బిహారు భోజ్‌పురివాళ్లవి, తమిళులవి, మరాఠాలవి కూడా. నాలుగడుగుల దూరంలో ఉన్న పాత సైనిక ఆసుపత్రి గోడలు అంతకు ముందరి బానిసల చెమటవి.

ఘాట్ నుంచి సెంట్రల్ మార్కెట్ కొద్ది నిమిషాల నడక. ఇనుప గేటు మీద విక్టోరియా రాణి పేరక్షరాలు అల్లి ఉంటాయి. లోపల కాకర, బెండ, కరివేపాకు, వెనీలా కాయలు. బయట బండి మీద దాల్ పూరీ: బెల్లం మానేసి పల్చగా వత్తిన బొబ్బట్టు అనుకోండి. జంటగానే ఇస్తారు, మధ్యలో చిక్కుళ్ల కూర, టమాటా పచ్చడి, మిరపకాయ కారం వేసి కాగితంలో చుట్టి. అది తింటూ తూర్పుకి నడవచ్చు. బోర్డులు ఇంగ్లీషు, పేపర్లు ఫ్రెంచి, బేరం క్రియోల్. 1810లో దీవి బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చినా, లొంగుబాటు ఒప్పందం ప్రకారం ఫ్రెంచి చట్టాన్నీ ఆచారాల్నీ కదపలేదు. ఆ ఒప్పందం ఇప్పటికీ వీధిలో వినిపిస్తుంది.

చైనాటౌన్ పక్కనే జుమ్మా మసీదు, గుజరాతీ వర్తకులు 1850ల్లో కట్టుకున్నది. లోపలి ముంగిట్లో పెద్ద నాటుబాదం చెట్టు. మసీదు కంటే పాతదంటారు. కట్టేటప్పుడు చెట్టు కొట్టకుండా దాని చుట్టూ కట్టుకున్నారు. ఇంకా తూర్పుకి వెళ్తే ప్లేన్ వెర్ట్, పాత క్యాంపుల వైపు. టూరిస్టు పటాల్లో దీనికి బొమ్మలుండవు. ఇక్కడ రాతి వైభవం తక్కువ, కాపురాలు ఎక్కువ. వరండాలో బట్టలు ఆరుతుంటాయి, గుమ్మంలో ముసలివాళ్లు కూర్చుంటారు. "బొంజూర్" అంటే "బొంజూర్" అంటారు.

నడిబొడ్డు వీధుల్లో ఒక దర్జీ కొట్టు ముందు ఆగాను. పైన చక్కటి చెక్క మేడ, ఒక పక్కకి ఒరిగి ఉంది. "పైన ఎవరుంటారండీ?" అన్నాను. కుట్టుమిషను ఆపకుండానే, "పావురాలు" అన్నాడు పెద్దాయన. తర్వాత వివరంగా చెప్పాడు. యజమాని పోయాడు. వారసులు ఒకరు ఫ్రాన్సులో, ఒకరు ఆస్ట్రేలియాలో. పంచుకోలేరు, బాగు చేయించలేరు, అమ్మలేరు. కింద అద్దె వస్తోంది కాబట్టి కింద బాగానే ఉంది.

నాలుగు దెబ్బలతో ఆ మాట కలిపి చూస్తే, పాత వీధుల విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటే మిగిలింది. రాయి తనంతట తాను నిలుస్తుంది. చెక్కకి మనిషి కావాలి. పొద్దున్నే కిటికీ తెరిచే చెయ్యి, వానాకాలం ముందు రేకు మీద తారు పూసే చెయ్యి ఉంటేనే చెక్క మేడ నిలుస్తుంది. వారసత్వం పేరుతో వచ్చే డబ్బు ఎక్కువగా రాతి దగ్గరికే వెళ్తుంది: కోటలు, గోదాములు, గవర్నరు భవనాలు. వాటికి పలకలు, టిక్కెట్లు పెట్టడం సులువు. అద్దెకి మనిషిని దించడం కష్టం. మారిషస్‌లో పాత చెక్క ఇళ్లంటే మోకా అనే ఊళ్లో 1830 నాటి యురేకా చూపిస్తారు, నూటతొమ్మిది తలుపులున్న ఇల్లు. బాగుంది. అయితే అది తోట యజమాని మేడ. పోర్ట్ లూయిస్ వీధిలో కొట్టు మీద కాపురమున్న గుమాస్తా ఇంటికి టిక్కెట్టు పెట్టి చూపించేవాళ్లు లేరు, ఉండనూ అక్కర్లేదు. దానికి కావలసింది చూడటానికి వచ్చేవాడు కాదు, ఉండటానికి వచ్చేవాడు.

మచిలీపట్నంలోనో, భీమిలిలోనో, సికింద్రాబాదు పాత బజార్లలోనో పాత మేడలు కూలుతున్నాయని మనమూ బాధపడుతుంటాం. ఫొటోలు తీసి పెట్టుకుంటాం. ఈసారి ఫొటో తీసే ముందు కింద కొట్టు అతన్ని అడగండి, పైన ఎవరుంటారని. ఎవరూ లేరంటే ఎందుకు లేరో కూడా అడగండి. వాటాల తగాదానా, అద్దె చట్టమా, నీళ్లు రాకపోవడమా? ఈ మూడూ కూర్చుని మాట్లాడి తీర్చగలిగినవే. తుపానుతో మాట్లాడలేం.