చర్మాన్ని దాటే లైపిడ్ వాహకాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

సికింద్రాబాద్‌లో ఏ మందుల దుకాణం ముందు కాసేపు నిలబడినా, మోకాళ్ళ నొప్పికి పూసుకునే జెల్ అడిగేవారు కనిపిస్తారు. రేపు ఆ కౌంటర్ వెనుక మీరే ఉండవచ్చు. నానో లైపిడ్ వల్ల మందు లోపలికి బాగా దిగుతుందని ప్యాకెట్ మీద రాసి ఉంటే, ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? ఈ భాగంలో చదివిన విషయాలను ఆ ప్రశ్నతో పరిశీలించండి.

ముందు అడ్డంకిని గుర్తుచేసుకుందాం. చర్మం పైపొర అయిన స్ట్రాటం కార్నియం మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్లే. అందులో మృతకణాలు ఇటుకల్లా, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా అమరి ఉంటాయి. సాధారణంగా 500 డాల్టన్లకు మించిన అణువులు ఈ గోడను దాటలేవు. గోడలోని సున్నం కొవ్వే కనుక, మందును కొవ్వు సంచిలో పంపాలన్న ఆలోచన వచ్చింది. 1980లో మెజీ, గులశేఖరం ట్రయామ్సినలోన్‌ను లైపోసోముల్లో ఉంచి కుందేళ్ళ చర్మంపై పూశారు. మందు చర్మంలో ఎక్కువగా నిలిచింది. తరువాత సాగే గుణమున్న ట్రాన్స్‌ఫర్‌సోములు, ఆల్కహాలు కలిసిన ఎథోసోములు వచ్చాయి.

మన వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి 2004లో వెంకటేశ్వర్లు, మంజునాథ్ ఘన లైపిడ్ నానోకణాల నుంచి క్లోజాపిన్ విడుదలయ్యే తీరును ప్రయోగశాలలో కొలిచి ప్రచురించారు. అది చర్మానికి సంబంధించిన పని కాదు గానీ, వాహకాల అధ్యయనం ఎక్కడ మొదలవుతుందో చూపుతుంది. అది తొలి మెట్టు. దాన్నే చివరి మెట్టుగా చూడటం పొరపాటు. పాఠం చెప్పిన రోజుల్లో నేనూ ఆ పొరపాటు చేశాను. మందు చర్మం దాటిన గ్రాఫు పైకి లేస్తే చాలనుకునేవాణ్ణి.

2013లో ప్రచురితమైన ఒక పరీక్ష ఆ నమ్మకాన్ని కదిలించింది. మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్న సుమారు 1,400 మందిని 12 వారాలు పరిశీలించారు. కొందరికి కీటోప్రొఫెన్ ఉన్న ట్రాన్స్‌ఫర్‌సోమ్ జెల్, కొందరికి మందు లేని అదే వాహక జెల్, కొందరికి నోటి ద్వారా సెలకాక్సిబ్, మిగిలినవారికి దానిలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండు జెల్‌లూ ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేశాయి. కానీ కీటోప్రొఫెన్ ఉన్న జెల్, ఖాళీ వాహకం కంటే మెరుగని తేలలేదు.

మరి ఉపశమనం ఎక్కడిది? లైపిడ్ దా, రోజూ మోకాలికి జెల్ రాయడం వల్ల వచ్చినదా? లైపిడ్ లేని సాదా జెల్ పూసిన వర్గం అందులో లేదు కనుక ఈ పరీక్ష ఒక్కటే దానికి జవాబివ్వలేదు. మందు చర్మం దాటడం ఒక సంగతి, ఆ మందు వల్లే నొప్పి తగ్గడం మరో సంగతి.

కాబట్టి ఇటువంటి వ్యాసం చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఎవరి చర్మంపై ప్రయోగించారు? దేనితో పోల్చారు? రోగికి ఒరిగిందేమిటి? మీ ఎదుట డబ్బు తీసి ఇచ్చే పెద్దమనిషికి కావలసింది మూడో ప్రశ్నకు జవాబే.