భుజమ్మీది చెయ్యి

వాల్మీకిపురంలోనైనా మదనపల్లెలోనైనా, మనిషి పోగానే ఇంట్లోవాళ్లు ఫొటో కోసం వెతుకుతారు. పటం కట్టించదగ్గ ఒంటరి ఫొటో చాలామందికి ఉండదు. ఏ పెళ్లిలోనో దిగిన గ్రూపు ఫొటో పట్టుకుని స్టూడియోకు పోతారు. అక్కడ కంప్యూటర్‌లో ఆ ముఖాన్ని పక్కవాళ్ల నుంచి విడదీస్తారు. నూలుచీర పట్టుచీర అవుతుంది, వెనక నీలిరంగు పరుచుకుంటుంది, భుజమ్మీద ఎవరి చెయ్యో ఉంటే చెరిగిపోతుంది. పటం కట్టి దండ వేశాక ఆ ఇంటికి ఆ మనిషి రూపం ఇక అదే. దొరికిన ఫొటోను మార్చి కొత్త బొమ్మ చేసుకోవడం మనకు ఇంత అలవాటైన పని. అలాంటప్పుడు అదే పని కాన్వాసు మీద చేసే చిత్రకారులను కాపీదారులని తీసిపారేయడం న్యాయం కాదు. బొమ్మ ఎక్కడిదని నిలదీసే ముందు, అందులోని మార్పును దాచారా, చూపారా అని అడగాలి.

కేరళలో పుట్టిన టి.వి. సంతోష్ యుద్ధాల, పేలుళ్ల వార్తాఫొటోలను ఫిల్మ్ నెగెటివ్‌లా మార్చి, మండిపోయే నారింజ, ఆకుపచ్చ తైలవర్ణాల్లో గీస్తారు. వెలుగుండాల్సిన చోట చీకటి, చీకటి చోట వెలుగు. పేపర్లో చూసి పేజీ తిప్పేసే దృశ్యమే ఇక్కడ కంటిని నిలబెట్టేస్తుంది. కంప్యూటర్ లేకుండానే ఈ పని చేసినవారు జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్. 1970లలో జైల్లో చనిపోయిన తీవ్రవాదుల పోలీసు, పత్రికా ఫొటోల ఆధారంగా ఆయన 1988లో 15 చిత్రాలు గీశారు. తడి ఆరని రంగును అలికి అన్నిటినీ మసకబార్చారు. ఫొటో చూసినంత మాత్రాన జరిగిందంతా తెలిసిపోయిందనుకునే మన ధీమాను ఆ మసక కదిలిస్తుంది.

కంప్యూటరే మార్చేశాక కుంచె ఎందుకు, ప్రింటు తీస్తే చాలదా అంటారు. చాలదు. ప్రింటుకు ముఖమైనా గోడైనా ఒకటే. చేత్తో గీసేవారు ప్రతి అంగుళం దగ్గరా ఆగి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోక తప్పదు. ఇంకో ఆక్షేపణ దీనికన్నా బరువైనది: పరాయివాళ్ల దుఃఖాన్ని వాళ్లను అడక్కుండా వాడుకోవచ్చా? ఈ మాటను నేను కొట్టిపారేయలేను. ఫొటోలోని మనిషికి తన పక్షాన మాట్లాడే వీలు లేదు. కాబట్టి మార్పు ఆ మనిషి మర్యాదను కాపాడాలి, గాయాన్ని వేడుకగా చూపకూడదు. ఈ పరీక్షలో ఓడిన చిత్రాన్ని ఎంత నైపుణ్యమున్నా నేను సమర్థించను.

మార్చిన ఫొటో నిజంలాగే సెల్‌ఫోన్లలో తిరుగుతున్న రోజులివి. మార్పును దాచకుండా చూపే చిత్రం మన కంటికి జాగ్రత్త నేర్పుతుంది. స్టూడియో భుజమ్మీది ఆ చేతిని చెరపడంలో తప్పులేదు, ఆ ఇంటికి కావలసింది ఓదార్పు. చిత్రకారుడు మాత్రం ఆ చేతిని ఉంచాలి. అది ఎవరిదో తెలియకపోయినా, పటంలోని ఆమె నలుగురి మధ్య బతికిన మనిషని చెప్పడానికి ఆ ఒక్క సాక్ష్యమే మిగిలింది.